పిల్లి చెవి మడత

అబద్ధమాడారు మీరు. హోటళ్ళ యజమానులూ, పనివాళ్ళని పోగేసి పంపిన ఏజెంటూ, కోట్లు తొడుక్కున్న మేనేజర్లూ, అందరూ కూడబలుక్కుని నా చెవిలో పూలు పెట్టారు. "మీ చెల్లెలు మా దగ్గర పని ఎగ్గొట్టి వేరే దేశం పారిపోయింది" అన్నారు. ఏ దేశమంటే ఒక్కొక్కడు ఒక్కో పేరు చెప్పాడు. ఆ పేర్లు పట్టుకుని బతుకంతా తిరిగాను. బస్సులో టిక్కెట్లు కొట్టే ఉద్యోగం నాది. మిగుల్చుకున్న సెలవులన్నీ విమానాల్లోనే పోయాయి. చుట్టాలేమో "దానికేం, మొగుడా పిల్లలా, ప్రపంచం చుట్టేస్తోంది" అని మూతులు తిప్పారు.

"అన్ని దేశాలు తిరిగావు, ఏం చూశావే?" అని మా మేనత్త ఒకసారి అడిగింది.

"మంచాలు చూశానత్తా."

"మంచాలా! అవిక్కడ లేవూ?"

ఉన్నాయి. ఆ మంచాల సంగతే చెబుతున్నాను, వినండి.

మా అమ్మ ఆసుపత్రిలో పక్కలు వేసేది. ఇంట్లో మా ఇద్దరికీ అదే చదువు. దుప్పటి మూల మడిచి పరుపు కిందికి ఎలా దోపాలో తొడపాశం పెట్టి మరీ నేర్పింది. చెల్లెలిది ఎడమచేతి వాటం. అది ఎంత దోపినా కాళ్ళవైపు ఎడమ మూల చిన్న కొన బయటికి పొడుచుకొచ్చేది.

"మళ్ళీ పిల్లి చెవి పెట్టావూ? ఈసారి నీ చెవి మెలిపెడతా" అనేది అమ్మ.

"చెవి కూడా కప్పేస్తే పిల్లికి ఎలకలెలా వినపడతాయమ్మా?" అనేది అది.

ఉతికిన దుప్పట్లు మడిచేటప్పుడు చెరో కొసా పట్టుకునేవాళ్ళం. సగంలో అది ఉన్నట్టుండి లాగేది. నేను బోర్లా పడేదాన్ని. అది పొట్ట పట్టుకుని నవ్వేది.

"మీ పిల్ల చేతులు బంగారం" అని పొగిడి, ఏజెంటు ఆ చేతుల్ని మీ హోటలు లాండ్రీకి తీసుకుపోయాడు. ఆ ఏడాదే దాని దగ్గర్నించి మాటా కబురూ ఆగిపోయాయి.

వాడు చెప్పిన మొదటి దేశంలో, అక్కడున్న మీ హోటల్లోనే దిగాను. తలుపు తియ్యగానే ఎదురుగా మంచం, మంచానికి పిల్లి చెవి. నడవాలోకి పరిగెత్తాను. సబ్బుల బండి ఉంది, దాని చక్రాలు తడిగా ఉన్నాయి, మనిషి లేదు. మేనేజరు మీద విరుచుకుపడితే "ఈ అంతస్తులో పక్కలు వేసేది ఇద్దరు మగాళ్ళమ్మా" అన్నాడు. ఇద్దరినీ పిలిపించి నా ముందు వేయించాను. మూలలు ఇస్త్రీ పెట్టినట్టు కుదిరాయి. చెవి లేదు.

తరవాతి దేశంలోనూ అంతే. ఆ తరవాతా అంతే. కావాలని దాక్కుంటోందనుకుని ఉడుక్కున్నాను. "ఎవరి మీదే నీ అలక?" అని ఖాళీ గదుల్లో అరిచాను. ఒకచోట మిట్టమధ్యాహ్నం పక్కంతా పీకి పారేసి, మంచానికి ఎదురుగా కుర్చీ వేసుకు కూర్చున్నాను. కళ్ళద్దాలు తుడుచుకోవడానికి తల వంచాను. తల ఎత్తేసరికి పక్క వేసి ఉంది. చెవి బయటికి ఉంది. ముట్టుకుంటే తడి. బ్లీచింగ్ వాసన.

బస్సు సమ్మెల్లో పోలీసు లాఠీలకి జంకనిదాన్ని, ఆ తడి మూలని చూసి గోడకి అతుక్కుపోయాను. అయినా మరుసటి సెలవులకి మళ్ళీ బయల్దేరాను. నా జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి. మడత మాత్రం అదే పిల్ల మడత.

అది మొట్టమొదట పనికి చేరిన హోటలు మాత్రం మూతపడిందన్నారు. ఎన్నిసార్లడిగినా అదే మాట. ఈ ఏడు దానికి రంగులేసి తెరిచారు. నేనిప్పుడు అందులోనే ఉన్నాను.

పొద్దున దుప్పటి ఊడదీసి దులిపాను. అటు కొస కింద పడలేదు. ఎవరో పట్టుకున్నట్టు గాల్లో నిలబడింది. చేతులకి పాత అలవాటు కదా, మడిచాను. అటువైపూ మడత పడింది. ఒక అడుగు ముందుకేశాను. అటు కొసా నా వైపు వచ్చింది. అప్పుడు లాగింది. ఈ వయసులో బోర్లా పడ్డాను. నవ్వు వినపడుతుందేమోనని చెవులు రిక్కించాను. నవ్వు లేదు.

"అక్కా..." గొంతు నేల కిందనించి వచ్చింది. "పొగొస్తోందే. బయట గడియ పెట్టేశారు."

దుప్పటి ఒంటికి చుట్టుకుని మెట్లు దిగాను. అట్టడుగున గోడ. రంగు కొత్తదే, దాని కింద తలుపు ఆకారం దాగలేదు. ముసలి వాచ్‌మన్ అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"దీని వెనక ఏముందయ్యా?"

"పాత లాండ్రీ అమ్మా. మంటలొచ్చాక గోడ కట్టేశారు."

"లోపలివాళ్ళు?"

అతను నా మొహం చూడలేదు. "పారిపోయారని చెప్పమన్నారమ్మా."

చెప్పమన్నారు! మీరు నన్ను దేశాలమీద తిప్పుతుంటే, అది ఈ గోడ వెనకనించే వెంటపడి, నేను పడుకునే ప్రతి మంచానికీ చెవి పెట్టింది. నాకే వినపడలేదు.

ఇప్పుడు నా మాట వినండి. ఈ గది ఖాళీ చెయ్యను. పైకొచ్చి దుప్పటి మళ్ళీ దులిపాను, ఒక కొస నా గుప్పిట్లో ఉంది, రెండో కొసని అటువైపు అది పట్టుకుంది, ఇంకా వదల్లేదు. పోలీసుల్ని పిలుస్తామంటున్నారు, పిలవండి, వచ్చేటప్పుడు గునపాలు తెమ్మనండి. సానుభూతి మాటలు నాకొద్దు. ఆ గోడ పగలగొట్టండి. గడియ తియ్యండి. నా చెల్లెల్ని నా కళ్ళముందు మెట్లెక్కించి పైకి తీసుకురండి. ఇవాళే.