చెవి విరిచిన క్యాసెట్

స్క్రూడ్రైవర్ అప్పటికే బల్ల మీద ఉంది.

షాట్‌కు పావుగంట టైముంది. ఎనిమిది వారాలుగా సీరియల్ ప్రేక్షకులు కాచుకు కూర్చున్న సీను అది. కూతురు పాత టేప్ రికార్డర్ నొక్కుతుంది, తండ్రిని చంపినవాడి గొంతు వినిపిస్తుంది. ఆ రికార్డర్ లోపలి యంత్రమంతా పీకేసి, ఆ ఖాళీలో చిన్న స్పీకర్ పెట్టెయ్యమన్నాడు డైరెక్టర్. పలుకుతుందో లేదో తెలియని ముసలి పెట్టెను నమ్ముకుని యూనిట్ మొత్తాన్ని నిలబెట్టడం ఆయన వల్ల కాదు.

సెట్ సామాన్లు చూసే పెద్దాయనను అందరూ చాదస్తం బాబాయ్ అంటారు. తోలు తొడుగు, భుజానికి పట్టీ, పియానో మెట్లలాంటి బటన్లు ఉన్న ఆ నలభై ఏళ్ల నాటి పెట్టె ఆయన చేతికి వచ్చేసరికి పూర్తిగా మూగది. సాగిపోయిన రబ్బరు బెల్టు మార్చాడు. సెల్స్ పెట్టే గదిలో తుప్పు గీకాడు. టేపు రాసుకుంటూ వెళ్లే హెడ్‌ను స్పిరిట్ అద్దిన దూదితో తుడిచాడు. ఆ పొద్దున్నే విలన్‌ను ఎదురుగా కూర్చోబెట్టి, డైలాగును దాని మైకులోనే చెప్పించాడు. పాత టేపులోని ఆ గరగర ఏ కొత్త స్పీకరుకూ రాదని ఆయన వాదన.

"ఒక్క టేక్ ఇవ్వండి బాబూ. పలక్కపోతే నా చేత్తో నేనే విప్పుతా."

"ఒక్కటే బాబాయ్. రెండోది అడిగావంటే స్క్రూడ్రైవర్ నేను పట్టుకుంటా."

హీరోయిన్ పుట్టేనాటికే క్యాసెట్ల కాలం చెల్లిపోయింది. బాబాయ్ ఆమెకు ప్లే బటన్ చూపించాడు. దాని పక్కనున్న ఎర్రదాని జోలికి వెళ్లొద్దని, రెండూ కలిపి నొక్కితే ఉన్న గొంతు చెరిగిపోతుందని రెండుసార్లు చెప్పాడు. ఆమె బుద్ధిగా తల ఊపింది.

షాట్ మొదలైంది. ఆమె పెట్టె ముందు కూర్చుంది. విన్న పాఠం గాలికి పోయింది. ఫోన్‌లో ఎర్ర చుక్క నొక్కడానికి అలవాటుపడిన వేలు తిన్నగా ఎర్ర బటన్ మీదికి వెళ్లింది, పక్క వేలు ప్లే మీద ఆనింది. డైరెక్టర్ కళ్లు మూసుకున్నాడు.

ఎర్ర బటన్ దిగలేదు.

మళ్లీ నొక్కింది. రాయిలా ఉంది. ఆమె ముఖంలో అప్పుడు కనిపించిన బెదురు ఏ రిహార్సల్‌లోనూ లేదు. ఎర్రదాన్ని వదిలేసి ప్లే ఒక్కటే నొక్కింది. టక్. చక్రాలు తిరిగాయి. కాసేపు సర్రుమనే చప్పుడు. ఆపైన తోలు తొడుగు చిల్లుల్లోంచి గొంతు.

"మీ నాన్న తలుపు తీయకుండా ఉండాల్సింది."

ఆమె ఉలిక్కిపడి పెట్టెను ఒళ్లోకి లాక్కుంది. అది స్క్రిప్టులో లేదు. కట్ చెప్పడం డైరెక్టర్‌కు కాసేపు గుర్తు రాలేదు.

ఎర్రది ఎందుకు దిగలేదని తర్వాత అడిగాడు. బాబాయ్ క్యాసెట్ బయటికి తీసి వెనక అంచు చూపించాడు. మూలన ఉండాల్సిన చిన్న ప్లాస్టిక్ పలుకు లేదు.

"దీన్ని చెవి అంటాం బాబూ. ఇది విరిచేస్తే ఇంక రికార్డు కాదు. పొద్దున డైలాగ్ అవగానే విరిచేశా."

"అమ్మాయి తప్పు నొక్కుతుందని ముందే తెలుసా?"

"తెలీదు. కానీ నేను చెప్పింది వినేవాళ్లు మా ఇంట్లోనే లేరు."

డైరెక్టర్ పగలబడి నవ్వాడు. స్క్రూడ్రైవర్‌ను తనే తీసి బాబాయ్ సామాన్ల పెట్టెలో పడేశాడు. అక్కడే నిలబడి రచయితకు ఫోన్ చేశాడు. వచ్చే వారం విలన్ రికార్డర్‌ను నేలకేసి కొట్టే సీను ఉంది. కొట్టడానికి ఇంకేదైనా చూడమన్నాడు.