మూడో కుండ

ఆ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే సారు కుడి, రాజనీతి శాస్త్రం చెప్పే శ్రావణ్‌కుమార్ సారు ఎడమ. నడుమ నలిగేది పిల్లలు. శ్రావణ్‌కుమార్ సారు పాఠంలో సిలబస్ తక్కువ, సారం ఎక్కువ. హర్షిణికి ఆ సారమే నచ్చింది. ఆమె తండ్రి కిష్టప్ప పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళుగా కాంట్రాక్టు హెల్పరు. ఆయనకు పర్మినెంటయింది దగ్గొక్కటే.

ఆ ఫ్యాక్టరీ గేటు ముందే ధర్నాకు సారు పిలుపిచ్చాడు. హర్షిణి అట్టమీద "కార్మికుల భద్రత కాపాడండి" అని రాసింది. సారు పెదవి విరిచాడు.

"గిది పేపరోళ్ళ భాషమ్మా. మీ నాయిన ఇంట్ల ఎట్లంటడో గట్ల రాయి."

తిప్పి రాసింది: "మూడో కుండకు మూత బిగుస్తలేదు. మనిషి పోయినంక బిగిస్తరా?"

సారు చప్పట్లు కొట్టాడు. క్లాసంతా కొట్టింది. అట్ట ఫొటో కాలేజీ గ్రూపుకెక్కింది, గ్రూపులోంచి గేటు లోపలికీ పోయింది.

మందు ఉడికే రియాక్టర్‌ను కుండ అనేది ఫ్యాక్టరీ మొత్తంలో ఒక్క షిఫ్టులో నలుగురే. ఆ నలుగురిలో కాలేజీకి పోయే బిడ్డ ఉన్నది కిష్టప్ప ఒక్కడికే. సూపర్‌వైజరు బుర్ర గోక్కోవలసిన పనే లేకపోయింది. మర్నాడు కిష్టప్ప గేటు మిషన్‌కు కార్డు చూపిస్తే ఎర్రలైటు వెలిగింది. సారుకిష్టమైన రంగే.

హర్షిణి ఫోన్ చేస్తే సారు ఎత్తలేదు. గ్రూపులో రాసింది: "సార్, మా నాయిన గేట్‌పాస్ బంద్ చేసిండ్రు. జెర మీరొచ్చి మాట్లాడున్రి."

నీలి టిక్కులు పడ్డాయి. కింద సన్నటి అక్షరాలు: శ్రావణ్‌కుమార్ సార్ లెఫ్ట్. ఎడమ సారు ఎడంగా జరిగాడు.

"ఏమన్నడు బిడ్డా మీ సారు?" పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుంటూ అడిగాడు కిష్టప్ప.

"లెఫ్ట్ అయిండు నాయినా."

"లెఫ్టే అని నువ్వే చెప్తివి గద. కొత్తగ అయ్యేదేముంది?"

ఆమె నవ్వలేదు. ఆయన నవ్వబోయి దగ్గాడు.

"మూడో కుండ కాడ నీ జాగల ఎవర్ని పెట్టిండ్రు?"

"నర్సన్నను."

"మూత?"

"గదే మూత."

కిష్టప్ప గోడకు ఆనించిన అట్ట తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇప్పుడాయన పోయేది రోజుకూలీల అడ్డాకు; అక్కడ కూర్చుందామంటే కింద తడిగా ఉంటుంది.

"గదెందుకు నాయినా? రాత కనబడ్తది, ఎవరన్న సూస్తే..."

"కనబడదులే," అన్నాడు, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. "నీ రాత మీదనే కూసుంట."