గుర్రం తిరిగింది

మా ఆయన కాజిస్‌కి బాస్కెట్‌బాల్ అంటే ఎంత పిచ్చో, నాకు అంత చిరాకు. ఈ మాట మా లిథువేనియాలో పైకి అంటే జనం జ్వరమేమోనని నుదురు పట్టి చూస్తారు. టీవీలో పెద్ద ఆట వస్తోందంటే మా ఊళ్ళో పెళ్ళిళ్ళు కూడా వాయిదా వేసుకుంటారు. అలాంటి ఊళ్ళో ఆట గొడవ పట్టనిదాన్ని నేనొక్కదాన్నే. చివరికి నన్నే తీసుకెళ్ళి ఆ ఆట మధ్యలో కూర్చోబెట్టారు.

బళ్ళో ఇరవై ఏళ్ళు రష్యన్ చెప్పాను. రష్యన్ సైన్యం రైళ్ళెక్కి వెళ్ళిపోయిన ఏడాది, వాళ్ళ భాష కూడా వాళ్ళ వెనకాలే బడి గేటు దాటింది. పిల్లలందరికీ ఇంగ్లీషే కావాలి. నాలాంటి వాళ్ళం సెలవుల్లో పనెవేజిస్ పట్నం పోయి ఇంగ్లీషు కోర్సులు చదివొచ్చాం. చదవమంటే చదువుతాను, రాయమంటే రాస్తాను. ఎదుటివాడు నోరు తెరిచి మాట్లాడితే మాత్రం ముచ్చెమటలు పోసేవి.

ఒకరోజు మా హెడ్మాస్టర్ షిలేకా పిలిచి, వచ్చే ఏడాది రష్యన్ పీరియడ్లు ఉండవని సూటిగా చెప్పేశాడు. ఇంగ్లీషు పోస్టు ఒకటి ఉంది, దానికి మాట్లాడే పరీక్ష నెగ్గాలి. ఈలోగా మా ఊరి పాల ఫ్యాక్టరీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి ఆస్ట్రేలియా నుంచి కోచ్ వస్తున్నాడు, ఆయన మాటలు మన భాషలోకి మార్చి చెప్పే మనిషి కావాలి.

"నోరు తిరుగుతుంది నియోలె గారూ. పరీక్ష కూడా ఏదో ఒక ఆటలోనే పెట్టించేస్తాను. అధికారి వచ్చి మీ పని చూసి వెళ్తుంది," అన్నాడు, నాకేదో వరమిస్తున్నట్టు.

ఆ పోస్టు రాకపోతే ఈ వయసులో నేను సంతలో పాత బట్టలు అమ్ముకోవాలి. మా లెక్కల టీచరు అప్పటికే ఆ పని మీద ఉంది. సరేనన్నాను.

కోచ్ పేరు లియోన్ గుదెలిస్. వాళ్ళ తాతది మా పక్క ఊరే, యుద్ధంలో పారిపోయి అడిలైడ్ చేరాడు. మనవడికి మా భాషలో వచ్చినవల్లా రెండు ప్రార్థనలు, నాలుగు తిండి పేర్లు. ఒక ఏడాది సెలవు పెట్టి, తాత పుట్టిన ప్రాంతానికి ఏదో చేద్దామని జీతం లేకుండా వచ్చాడు పాపం. సెప్టెంబరు చలిలో నిక్కరేసుకుని తిరుగుతుంటే చర్చి దగ్గర ముసలమ్మలు ఆపి ఉన్ని మేజోళ్ళు చేతిలో పెట్టేవాళ్ళు.

మొదటిరోజు ప్రాక్టీసులోనే నా తల ప్రాణం తోకకొచ్చింది. కుర్చీ, బల్ల, కిటికీ లాంటి మాటలంటే నాకు భయం లేదు. కుర్చీ ఎక్కడైనా కుర్చీయే. ఈయన నోట్లోంచి వచ్చేవన్నీ పనులు. జరగడం, కమ్మడం, వదలడం, అందుకోవడం, మళ్ళడం. ఒక్కోటి ఒక్క ముక్క, అదీ పరిగెడుతూ. నేను ఇటుకలాంటి నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని, దాంట్లో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేదాన్ని. ఆయన 'స్విచ్' అని ఒక్క ముక్క అంటే నేను, "రక్షణ బాధ్యతల పరస్పర బదలాయింపు ప్రక్రియను సత్వరమే నిర్వహించవలెను," అనేదాన్ని.

అమ్మాయిలు గుడ్లప్పగించి చూసేవాళ్ళు. వాళ్ళ కెప్టెన్ జోలిత నా దగ్గర చదువుకున్న పిల్లే. నాలిక అప్పుడూ పదునే, ఇప్పుడూ పదునే.

"టీచరమ్మా, ఇది ఆటా, మంత్రిగారి ఉత్తర్వా? కింద సంతకం ఎవరిది?" అంది.

ఆట మధ్యలో టైమౌట్ అంటే ఒక్క నిమిషం. ఆయన సగం నిమిషం మాట్లాడితే మిగతా సగంలో నేను రెండో వాక్యానికి వచ్చేసరికి ఈల పడేది. అమ్మాయిలు తలూపి, వాళ్ళకి తోచింది వాళ్ళు ఆడి, ఓడి వచ్చేవాళ్ళు. ఇంటికెళితే కాజిస్ సూప్ తాగుతూ ఆటంతా మళ్ళీ చెప్పేవాడు. ఓటమిలో సగం వాటా నాదేనట. ఆ గిన్నె తల మీద బోర్లించకుండా ఉన్నానంటే నా సహనం అలాంటిది.

సెప్టెంబరు చివర్లో మా అమ్మ పొలంలో బంగాళాదుంపలు తవ్వే రోజు వచ్చింది. ఇది కూలి పని కాదు, పిలుపు పని. పిలిస్తే అందరూ వస్తారు, రేపు వాళ్ళు పిలిస్తే మనం పోవాలి. జట్టులో అమ్మాయిలంతా వచ్చారు. లియోన్ కూడా వచ్చి, మొదటి సాలుకే నడుం పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

గుర్రం నాగలితో సాలు తెరుచుకుంటూ పోతుంది. సాలు పొడుగునా ఒక్కొక్కరికీ ఒక్కో వంతు. గుర్రం పొలం చుట్టి మళ్ళీ వచ్చేలోపు ఎవరి వంతు దుంపలు వాళ్ళు ఏరేయాలి, లేకపోతే మట్టి కింద పడిపోతాయి. దంగోలె అని ఒక పొడుగాటి పిల్ల ఉంది. ఆటలో బుట్ట కింద నిలబడితే గోడే, కానీ వంగాలంటే దానికి ఓ యుగం పడుతుంది. అది వెనకబడగానే జోలిత తన వంతు వదిలి దాని వంతులోకి దూకింది. జోలిత వంతులోకి దాని పక్క పిల్ల దూకింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చివర్నుంచి మా అమ్మ, "గుర్రం తిరిగింది!" అని అరవగానే అందరూ ఎవరి చోటుకి వాళ్ళు వచ్చేశారు. నిండిన బస్తా కనబడితే చాలు, ఇద్దరు చెరో పక్కా చేరి ఎత్తేస్తున్నారు.

లియోన్ నడుం సంగతి మర్చిపోయి లేచి నిలబడ్డాడు. నా చెయ్యి పట్టుకుని, తను ఇన్నాళ్ళుగా మొత్తుకుంటున్నది ఇదేనన్నాడు. వీళ్ళకి ఇది పుట్టుకతోనే వచ్చినట్టుంది, మరి ఆటలో ఎందుకు చెయ్యరని అడిగాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది, ఆయన మీద కాదు. మా అమ్మ పొలంలో పొద్దుటినుంచీ గాల్లో తిరుగుతున్న మాటల్ని వదిలేసి, నేను ఆ ఇటుకలో తల దూర్చి వెతుకుతున్నానన్న మంట అది.

సోమవారం ప్రాక్టీసుకి నిఘంటువు తీసుకెళ్ళలేదు. ఆయన ఆ ఒక్క ముక్క అనగానే నేను, "పక్క వంతు," అన్నాను. జోలిత ఒక్క క్షణం నా మొహంలోకి చూసి పకపకా నవ్వి, వెళ్ళి పక్క పిల్ల బదులు అడ్డు నిలబడింది. దాని చోటులోకి ఇంకో పిల్ల వచ్చేసింది. బంతి అవతలివాళ్ళ చేతికి పోయిందా, "గుర్రం తిరిగింది." ఒకర్ని ఇద్దరు చుట్టుముట్టాలా, "బస్తా." ఆయన మాట పూర్తయ్యేలోపే నాది పూర్తయ్యేది. నాకు తీరిక దొరికి టైమౌట్లో ఉన్ని అల్లుకోవచ్చు అనిపించింది.

చలికాలమంతా ఆడాం. హాల్లో వెచ్చదనం ఉండేది కాదు, కోట్లు వేసుకుని బెంచీ మీద కూర్చునేవాళ్ళం. గెలుస్తూ వచ్చాం. కాజిస్ కూడా సూప్ మౌనంగా తాగడం నేర్చుకున్నాడు. లియోన్ మాత్రం ప్రతి టైమౌట్లోనూ నా మూతికేసి విడ్డూరంగా చూసేవాడు. తను అంత చెబితే ఇంతలో ఎలా సరిపోయిందని ఒకసారి అడిగాడు. సరిపోయిందిగా అన్నాను.

మార్చిలో రోకిష్కిస్ జట్టుతో ఆట రోజున, పనెవేజిస్ నుంచి పరీక్ష అధికారి విలియా మేడమ్ వచ్చింది. ఉన్ని టోపీ, బంగారు ఫ్రేము కళ్ళజోడు. సరిగ్గా మా బెంచీ వెనకే కూర్చుంది. షిలేకా ఆవిడ పక్కన చేరి నాకేసి కళ్ళతో సైగలు చేస్తున్నాడు.

నా పోస్టు ఈ ఒక్క సాయంత్రం మీదే ఉంది. ఇంగ్లీషు తెలిసినావిడ ముందు దుంపల మాటలు మాట్లాడితే, ఆయన అన్నది ఒకటి నువ్వు చెప్పింది ఒకటి అని గీత కొట్టేస్తుంది. అందుకని మొదటి టైమౌట్లో పాత పద్ధతే పట్టాను. రక్షణ బాధ్యతల పరస్పర బదలాయింపు ప్రక్రియ మొత్తం, ఒక్క మాట పోకుండా. వెనకాల పెన్ను చప్పుడు వినబడింది, ప్రాణం లేచొచ్చింది. అమ్మాయిలు బిక్కమొహాలు వేసుకుని వెళ్ళారు. చేతిలో ఉన్న ఆట జారడం మొదలైంది. రెండో టైమౌట్లోనూ అదే చేశాను, ఇంకాస్త జారింది.

"టీచరమ్మా, ఇవాళ మీకేమైంది?" అంది జోలిత. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆఖరి టైమౌట్. ఒక్క పాయింటు పైన ఉన్నాం, బంతి వాళ్ళ చేతిలో ఉంది. దీన్ని ఆపితే గెలిచాం. లియోన్ ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోయాడు. అమ్మాయిలు ఆయన్ని చూడటం లేదు, నా నోటికేసి చూస్తున్నారు. పోతే పోయింది వెధవ పోస్టు అనుకుని నోరు తెరిచాను.

నాకంటే ముందు ఆయన తెరిచాడు.

"దంగోలె, గుర్రం తిరిగింది. జోలితా, పక్క వంతు. బస్తా, ఇద్దరు. ఆనక ఎవరి వంతుకి వాళ్ళు, వచ్చెయ్యాలి," అన్నాడు లిథువేనియన్‌లో. అదీ పుస్తకాల భాష కాదు. మా ఊరి సాగతీతతో, అచ్చం పొలం గట్టు మీద మా అమ్మ అరిచినట్టు.

అమ్మాయిలు నవ్వుతూ పరిగెత్తారు. టైమౌట్లో ఇంకా సగం నిమిషం మిగిలే ఉంది. నాకు చెప్పడానికేమీ మిగల్లేదు. నోరు మూసుకున్నాను.

రోకిష్కిస్ పిల్ల ఒకతి దంగోలెని దాటి బుట్ట మీదికొచ్చింది. జోలిత అడ్డం దూకింది, జోలిత చోటులోకి ఇంకో పిల్ల. ఇద్దరూ కలిసి ఆ రోకిష్కిస్ పిల్లని మూలకి నెట్టారు. ఈలోపు దంగోలె తన చోటుకి వచ్చేసి, ఆ పిల్ల విసిరిన బంతిని గాల్లోనే పట్టేసుకుంది. గంట మోగింది. బాస్కెట్‌బాల్ అంటే చిరాకుపడే నేను గొంతు పోయేలా అరిచానట. కాజిస్ ఇప్పటికీ ఊరంతా చెబుతాడు.

అరుపులు తగ్గాక విలియా మేడమ్ బెంచీ దిగి నా దగ్గరికొచ్చింది.

"ఆఖరుసారి మీరేమీ అనువదించలేదు," అంది.

"అవసరం రాలేదండి."

"అదే అడుగుతున్నా. ఆయనకి మన భాష ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండి. నేను అమ్మాయిలకి చెబుతుంటే విన్నాడు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మొదటి రెండుసార్లూ మీరు చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు. కానీ ఒక్క ముక్కా అర్థం కాలేదు. మాది కుపిష్కిస్ దగ్గర పల్లె. ఆయన గుర్రం తిరిగిందనగానే నేను లేచి నిలబడ్డాను. పక్కన మీ హెడ్మాస్టరుగారు హడలిపోయారు."

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"పిల్లలకీ ఇలాగే అర్థమయ్యేలా చెప్పండి. పోస్టు మీదే, సోమవారం కబురు పంపిస్తాను," అని టోపీ సర్దుకుని వెళ్ళిపోయింది.

నేను అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. లియోన్ పరిగెత్తుకొచ్చి, ఆవిడ ఏమందని ఇంగ్లీషులో అడిగాడు. ఉద్యోగం వచ్చిందని చెప్పాలి, నీ వల్లే వచ్చిందని చెప్పాలి. నేర్చుకున్న ఇంగ్లీషులో ఒక్క మాటా నోటికి రాలేదు. ఏడుస్తూ మా భాషలోనే చెప్పాను, ఏదేదో, చాలాసేపు. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అర్థమైనట్టే తల ఊపుతూ, నాతోపాటు ఏడ్చాడు.