ఉమాపతి మింగిన వాక్యూమ్

సోమవారం ఉదయం ఉమాపతి తన పికప్ బండిలోని వాక్యూమ్‌ని మింగేస్తాడు. మంగళవారానికల్లా ఇంట్లోని కిటికీ తెరలన్నీ అతనివైపు వంగి ఉంటాయి.

ఇందులో అతని భార్య సునందకి ఆశ్చర్యపడవలసిందేమీ కనిపించదు. ఆ బండికి ముందు చక్రాలు కూడా పట్టు తీసుకోవాలంటే, ఇంజను ఒక సన్నటి రబ్బరు గొట్టంలోంచి గాలి పీల్చాలి. వాక్యూమ్ అనే ఆ పీల్పు వల్ల, ముందు ఇరుసు దగ్గరున్న రేకు డబ్బాలో ఒక పల్చటి పొర వెనక్కి జరిగి, ఇరుసును కలిపే పంగను లాగుతుంది. గొట్టం ఎక్కడో చిల్లిపడింది. చిల్లి ఉందో లేదో చూడడానికి మెకానిక్‌లు గొట్టం చివర నోట్లో పెట్టుకుని పీలుస్తారు. పీల్చి, నాలుక అడ్డం పెట్టి ఆపుతారు. ఉమాపతి తన నాలుకని ఎన్నడూ ఆపినవాడు కాదు.

"బాబుగారు గుటకేసీనారమ్మా," అంటాడు మెకానిక్ నూకరాజు చేతులు తుడుచుకుంటూ. "నాలిక అడ్డెట్టండి బాబూ అంటానే ఉన్నాను."

"ఎంత మింగారు?"

"మొత్తం. బండిలో సుక్క మిగల్లేదు."

శుక్రవారం సాయంత్రం అయిదు లోగా సునంద కొండ మీది జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరర్‌గా చేరాలి. చదువు ముగిసిన పద్దెనిమిదేళ్ళకి వచ్చిన ఉత్తరం. చేరకపోతే జాబితాలో తర్వాతి పేరు చేరుతుంది. ఉత్తరం వచ్చిన రోజు నుంచీ కొండ రోడ్డు రోజుకింత నిటారుగా లేస్తోంది. బస్సు రావడం మానేసింది. వెనక చక్రాలతో మాత్రమే నడిచే బండి మొదటి మలుపు దాటదు.

ఉమాపతి మాత్రం సుఖంగా ఉన్నాడు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. వంటింట్లో అన్నం మీది ఆవిరి హాలు దాటి వచ్చి అతని ముక్కులోకి పోతుంది. పేపర్లోని అక్షరాలు వరసగా లేచి అతని చెవిలో దూరతాయి. అయినా అతనికి లోకం సంగతి ఒక్కటీ తెలియదు. వీధిలోని మగవాళ్ళు చూడడానికి వస్తారు. వాళ్ళ చొక్కాలూ తలలూ అతనివైపు వంగిపోతాయి. దాన్ని అతను ఒప్పుకోలు అనుకుంటాడు. కాసేపటికి వాళ్ళూ అదే అనుకుంటారు.

"ఆ గొట్టం, డబ్బా తీసేద్దాం," అంటుంది సునంద. "పంగకి కేబుల్ తగిలించి, లోపల కూర్చుని చేత్తో లాగితే సరిపోతుంది కదండీ?"

"చేత్తోనా?" ఉమాపతి నవ్వుతాడు. ఆ నవ్వుకి గోడ మీది క్యాలెండరు ఊడివస్తుంది. "బావిలో నీళ్ళు తోడినట్టా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? కంపెనీవాళ్ళు నీకంటే తెలివితక్కువవాళ్ళా?"

"మీరు మింగుతారని వాళ్ళకి తెలిసి ఉండదు."

"ఇప్పుడేమైందే? వాక్యూమ్ నాలోనే ఉంది. నన్ను తగిలించుకో. నేను లేకుండా నువ్వెలా ఎక్కుతావు?"

అతనికి నచ్చింది ఆ చివరి మాటేనని సునంద గ్రహిస్తుంది.

గురువారం అతన్ని తగిలిస్తారు. గొట్టం ఒక చివర డబ్బాకి, ఒక చివర అతని నోటికి. నూకరాజు క్లిప్పు బిగిస్తాడు. ముందు చక్రాలు టక్కున పట్టుకుంటాయి. ఉమాపతి, బండి నడిపే సునంద పక్క సీట్లో పెళ్ళికొడుకులా కూర్చుంటాడు. నలభై ఏడు మలుపులు నోరు మూసుకుంటే చాలు.

మొదటి మలుపు ఎలా తిప్పాలో చెప్పడానికి అతను నోరు తెరుస్తాడు.

బండి వెనక్కి జారుతుంది. వీధంతా జారి, గేటు దాటి, వరండాలో కుర్చీ పక్కన వచ్చి ఆగుతుంది. అతను కుర్చీలోకి మారి, వాక్యం పూర్తిచేస్తాడు.

శుక్రవారం పొద్దున్నే సునంద కుట్టుమిషను టేపు తెచ్చి క్యాబిన్ నుంచి ఇరుసు దాకా కొలుస్తుంది. ఏడడుగుల నాలుగు అంగుళాలు. మళ్ళీ కొలిస్తే ఎనిమిదడుగులు. భర్త మాట్లాడుతున్నప్పుడల్లా బండి సాగుతోందని ఆమె గమనిస్తుంది. అతను ఊపిరి తీసుకునే సందులో మూడోసారి కొలుస్తుంది. అదే అసలు కొలత.

నూకరాజు పాత ట్రాక్టర్ కేబుల్ ఒకటి తెస్తాడు. దాన్ని బండికి బిగించిన పట్టీలు ఆమె రెండుసార్లు విప్పిస్తుంది.

"పైతొడుగు కదలకూడదు నూకరాజూ. లోపలి తీగే కదలాలి. సైలెన్సరుకి దూరంగా తీసుకెళ్ళు, కాలిపోతుంది."

"ఎవురు నేర్పినారమ్మా?"

"పద్దెనిమిదేళ్ళుగా ఆయన మాటలు వింటున్నాను కదా, చెప్పినవన్నీ తిరగేసుకున్నాను."

నూకరాజు నవ్వబోయి, వరండావైపు చూసి, స్పానరు మీదికి వంగిపోతాడు. వదిలితే పంగ వెనక్కి రావడానికి స్ప్రింగు పెడతాడు. గేరు రాడ్డు పక్కన పిడి బిగిస్తాడు. సునంద లాగుతుంది. టక్. వదులుతుంది. టక్. కంపెనీ పొర ఇన్నాళ్ళూ చేసిన పని ఇంతే.

ఊడదీసిన డబ్బా కుర్చీ కింద పడి ఉంటుంది.

"మరి నేనో?" అంటాడు ఉమాపతి.

"మీరు కూర్చోండి."

రెండున్నరకి ఆమె బయలుదేరుతుంది. రోడ్డు ఇప్పుడు గోడలా నిలబడి ఉంది. ఆమె పిడి లాగగానే బండి బల్లిలా పట్టుకుని పాకుతుంది. పదకొండో మలుపు దగ్గర కింద వరండాలోంచి అతను గట్టిగా పీలుస్తాడు. ఆమె పైట వెనక్కి లేస్తుంది, జడ లేస్తుంది, సీటు మీది సర్టిఫికెట్లు లేచి వెనక అద్దానికి అతుక్కుంటాయి. రోడ్డు పక్క సిల్వర్ ఓక్ చెట్లు వరసగా అతనివైపు తలలూపుతాయి, వీధిలోని మగవాళ్ళలాగే. నాలుగు చక్రాలు మాత్రం ఒప్పుకోవు. "సునందా, క్లచ్చి..." అన్న కేక బానెట్ దాకా వచ్చి, పట్టు దొరక్క జారిపోతుంది. ఆమె రెండో గేరులోనే ఉంటుంది.

కాలేజీ ఆఫీసులో గుమాస్తా రిజిస్టరు తెరిచి ఉంచుతాడు.

"అయిదు అయిపోయిందా?" అంటుంది సునంద.

"ఇంకా రాలేదు మేడమ్. దార్లో ఉంది."

ఇద్దరూ మెట్ల అంచుకి వెళ్ళి కిందికి చూస్తారు. ముప్ఫయ్యో మలుపు దగ్గర సాయంత్రం అయిదు చేతులూ కాళ్ళూ వేసి పాకుతూ వస్తోంది. నాలుగు అడుగులు ఎక్కి, జారి మళ్ళీ నాలుగున్నర దగ్గర పడుతోంది.

"పాపం, బండి పంపిద్దామా మేడమ్?"

"అక్కర్లేదు," అని సునంద సంతకం చేస్తుంది. పొట్టి సంతకం కాదు, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, పుట్టింటిది.

క్లాసులో ముప్ఫై ఎనిమిదిమంది లేచి నిలబడతారు. కిటికీలోంచి రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది. ఎక్కలేక, అయిదు తన భుజాల మీద మోస్తున్న అయిదు గంటలనీ ఒక్కొక్కటిగా దింపేస్తుంది. దింపినవి దింపినట్టే మేకల్లా చెదిరి గడ్డి మేయడం మొదలుపెడతాయి. సునంద హాజరుపట్టీ తీసి మొదటి పేరు పిలుస్తుంది. కింద అన్నిటికంటే చిన్న గంట మేత ఆపి, తలెత్తి, "ప్రెజెంట్ మేడమ్," అంటుంది.