చలిమేస్త్రి చేతి తూకం

మాంసం కొట్టతను కత్తిని చెక్కమొద్దులో దిగగొట్టి, "ఇంకెంతసేపు?" అన్నాడు.

చలిమేస్త్రి తలెత్తలేదు. శీతలగది వెనక గోడవారన గొంతుక్కూర్చుని, రాగి గొట్టానికి ఒత్తిడి చూపే గేజీ బిగించి, దాని ముల్లు మెల్లగా దిగడం చూస్తున్నాడు. పక్కన లాగే మోటారు గుర్రుమంటూ పాడైన యంత్రంలోని గ్యాసును పీల్చి ఇనపబండలోకి నెడుతోంది. కొక్కేలకు వేలాడుతున్న మాంసం అప్పుడే వాసన పట్టింది. నెత్తుటి నీళ్ళు గచ్చు మీద పారి ఆయన చెప్పుల కిందికి చేరాయి. పొద్దెక్కకుండానే గోడలు కాలుతున్నాయి.

"మీ బావమరిదయితే ఈపాటికి బుస్సుమనిపించి వదిలేసేవాడు."

"వాడు వదిలేస్తాడు. నేను పడతాను."

"పట్టి ఏం చేస్తావు? ఇంటికి తీసుకెళ్ళి పెంచుకుంటావా?"

చలిమేస్త్రి గేజీ అద్దాన్ని వేలితో తట్టి చూశాడు. కొట్టతను వచ్చి ఆయన మెడపట్టి లేపి గోడకేసి అదిమాడు. నుదురు ఇటుకకు గీరుకుని నెత్తురు కారింది. అంత పెనుగులాటలోనూ మేస్త్రి కుడిచెయ్యి వెనక్కి తడుముకుంటూ పోయి వాల్వు తిప్పి మూసింది. ఆయన సంగతే అంత. ఎవరు కొట్టినా, ఏది కూలినా, ముందు చెయ్యి వాల్వు మీదికి పోతుంది, తరవాతే మొహానికి అడ్డం వస్తుంది. కొట్టతనికి ఆ చెయ్యి కనబడి, ఏమనుకున్నాడో, వదిలేశాడు. మేస్త్రి నుదురు తుడుచుకుని, వాల్వు తెరిచి, పని ముగించి, కొత్త గ్యాసు ఎక్కించి లేచాడు.

బయటికి వచ్చేముందు బండను కుడిచేత్తో ఎత్తి ఒకసారి ఊపి చూశాడు. సగానికి కాస్త పైన. ముప్పావు దాటితే ఇంక పట్టకూడదు. లోపల నీరైన గ్యాసు వేడికి ఉబ్బుతుంది, ఉబ్బడానికి చోటుండాలి. దీనికి కాటా ఉంటుందని తెలుసు గానీ ఆయన ఎప్పుడూ కొనలేదు. చెయ్యే కాటా. బండ నెత్తిన ఒక రక్షణబిళ్ళ ఉండేది, ఒత్తిడి మితిమీరితే తనంతట తనే తెరుచుకునేది. అది కాస్త కారుతోందని మొన్నామధ్య ఆయనే బండ ఖాళీ చేసి, టంకం పెట్టి మూసేశాడు. పట్టిన గ్యాసు చుక్క కూడా పోకూడదని పట్టుదల. "బావా, దాన్ని అందానికి పెట్టారా అక్కడ?" అని బావమరిది మొత్తుకున్నాడు. "నా చెయ్యుండగా దాంతో పనేముంది?" అన్నాడు మేస్త్రి.

ఇంత చాదస్తం ఆయనకు మొదటి నుంచీ లేదు. ముప్ఫై ఏళ్ళు ఊరందరిలాగే గ్యాసు గాల్లోకి వదిలాడు. వదలడమే ఆ పనిలో సరదా. మీట తిప్పగానే పాములా బుసకొట్టే ఆ చప్పుడు విని లోపల ఎంత మిగిలిందో చెప్పేవాడు. మండువేసవిలో ఆ ధారకు అరచెయ్యి అడ్డం పెడితే తెల్లగా మంచు పేరుకునేది. తల్లి పోయి అక్క చంకనెక్కి ఈ ఇంటికొచ్చిన పిల్లాడికి, అంటే ఈ బావమరిదికే, నవ్వు తెప్పించింది కూడా ఆ మంచే. ఆ పిల్లాణ్ణి పెంచి, పని నేర్పి, తనతో సమానంగా కొట్లో నిలబెట్టుకున్నాడు.

అంతా మార్చింది కూతురు. పక్క ఊరి బడిలో సైన్సు చెబుతుంది. పోయిన సెలవుల్లో వచ్చినప్పుడు, తండ్రి గ్యాసు వదులుతుంటే చూసి, అన్నాల దగ్గర నెమ్మదిగా చెప్పింది.

"పగలు ఎండకి నేల వేడెక్కుతుంది నాన్నా. ఆ వేడి తిరిగి పైకి పోవాలి. బొగ్గు పొగా, బండ్ల పొగా దాన్ని పోనివ్వకుండా దుప్పటిలా కప్పుతున్నాయి. నువ్వు వదిలేది దుప్పటి కాదు, బొంత. అదెంత పల్చగా పరిచినా బొంతే."

చలిమేస్త్రికి ఈ ముక్క ఇంకెవరు చెప్పినా ఎక్కేది కాదేమో. కానీ వేడి సంగతి ఆయనకు తెలుసు. చలిని ఎవడూ తయారుచెయ్యడు. గదిలోని వేడిని తీసి వీధిలో పారేస్తాడు, అంతే. మరి వీధిలోని వేడిని ఎక్కడ పారెయ్యాలి? అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మర్నాడే లాగే మోటారూ, బండా కొన్నాడు.

అప్పటి నుంచి కొట్లో రోజూ యుద్ధమే. గంటలో అయ్యే పని పూటంతా పడుతోంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తోటి మెకానిక్కులు నవ్వారు. బావమరిది నవ్వలేదు. ఈ పొద్దున బండి ఎక్కబోతూ చెప్పేశాడు. "రేపట్నుంచి నా దారి నాది. సాయంత్రం నా సామాను తీసుకుపోతా."

మేస్త్రికి అప్పట్నుంచీ అదే ధ్యాస. గ్యాసు సంగతి ఎటుపోయినా సరే, వాడు పోకూడదు. సాయంత్రంలోగా వాడు ఒక్క మంచిమాట మాట్లాడితే చాలుననుకుంటూ తిరుగుతున్నాడు.

మధ్యాహ్నం మెకానిక్కుల సంఘం సమావేశం. ఇకమీదట గ్యాసు గాల్లోకి వదిలితే శిక్ష అని నగర కార్యాలయం నియమం తెస్తోందట, దాని మీద చర్చ. చర్చ అన్న మాట బల్ల మీద కాగితంలోనే ఉంది. రేకుల హాలు, తిరగని ఫ్యాన్లు, చెమటకు అంటుకుపోయిన చొక్కాలు. కార్యాలయం నుంచి వచ్చిన అధికారి లోకం ఎందుకు వేడెక్కుతోందో చెప్పబోతే ఎవడో నీళ్ళసీసా విసిరాడు. అది తగిలి ఆయన కళ్ళజోడు పగిలింది.

"ఎండలు మా తాతల నాడు లేవా?"

"ఫ్యాక్టరీలు కొండంత పొగ వదులుతుంటే కళ్ళు మూసుకుని, మా గుక్కెడు గ్యాసు మీద పడ్డారా?"

మైకు దగ్గర బావమరిది నిలబడ్డాడు. మాటకారి. "సముద్రంలో కాకిరెట్టంత లేదు మనం వదిలేది. దానికి మన నోటికాడి కూడు తీస్తారా?" అన్నాడు. హాలు అదిరిపోయింది.

అప్పుడు లేచాడు చలిమేస్త్రి. జన్మలో మైకు పట్టనివాడు, పోయి పట్టాడు. "వాడన్నది నిజమే. ఫ్యాక్టరీల్నీ అడగాల్సిందే. కానీ మనం వేడిని మోసేవాళ్ళం. ఎక్కడ పారేస్తున్నామో మనకి తెలియదంటే..."

"దిగు బావా."

"తెలియదంటే ఎవరు నమ్ముతారు?"

"పరువు తియ్యకు, దిగు."

వెనక నుంచి ఎవడో "ద్రోహి!" అన్నాడు. ఇంకెవడో మేస్త్రి వీపు మీద తన్నాడు. ఆయన మైకు వదల్లేదు. గ్యాసు పట్టినట్టే పట్టుకున్నాడు. బావమరిది మడతకుర్చీ ఎత్తి ఆ చేతి మీద కొట్టాడు. మణికట్టు దగ్గర కర్ర విరిగినట్టు చప్పుడైంది. అది మైకులోంచి హాలంతా వినబడింది. ఆ తరవాత ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పడం కష్టం. కుర్చీలు ఎగిరాయి, అధికారిని ఈడ్చుకుపోయి మెట్ల మీంచి తోశారు, ఒకడి చెవి తెగింది. బావమరిది మాత్రం కుర్చీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. మేస్త్రి వాడి మొహం చూశాడు. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టినప్పుడు పెట్టిన మొహమే.

ఇంట్లో భార్య పాత చీర చింపి, రెండు చెక్కపేళ్ళు పెట్టి కట్టు కట్టింది. మణికట్టు అప్పటికే పొంగి నల్లబడింది.

"వాడి చెయ్యి పడిపోను" అంది సొంత తమ్ముణ్ణి.

"అట్లా అనకు. రెండు చేతులూ పోతే కొట్టు ఎవరు నడుపుతారు?"

"ఆస్పత్రికి పదండి."

"రేపు పోదాం" అన్నాడు. సాయంత్రం సామాను తీసుకోవడానికి వాడు కొట్టుకు వస్తాడు. ఆ వేళకు తాను లేకపోతే ఎట్లా?

వచ్చాడు. కానీ సామాను జోలికి పోలేదు. బండి ఆపి, లోపలే కూర్చున్నాడు. మందుల గోదాము నుంచి మనిషి వచ్చి, చల్లగది ఆగిపోయిందనీ, పిల్లల టీకాలు పాడైపోతాయనీ చెప్పాడు. మేస్త్రి పోయి బండిలో కూర్చున్నాడు. నీళ్ళ లారీ దగ్గర ఇద్దరాడవాళ్ళు బిందెలతో కొట్టుకుంటుంటే బండి కాసేపు ఆగింది. బావమరిది ఒకసారి గొంతు సవరించుకున్నాడు. బండి కదలడంతో ఆ మాట మళ్ళీ లోపలికే పోయింది.

గోదాము డాబా మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. మోటారూ, గొట్టాలూ బావమరిదే మోసి పైన పెట్టాడు. బండను మాత్రం మేస్త్రి ఎడమచేత్తో పట్టుకుని మెట్టుమెట్టుకూ ఆనించుకుంటూ పైకి తెచ్చాడు. బరువుగా ఉంది. చాలా బరువుగా ఉంది. పొద్దున ఇంత లేదే అనుకున్నాడు. తరవాత కట్టుకట్టిన కుడిచేతిని చూసుకుని నవ్వుకున్నాడు. ఎడమచేతికి ఏం తెలుసు తూకం? దానికి అన్నీ బరువే.

గేజీ బిగించి మోటారు వేశాడు. మెట్ల దాకా పోయిన బావమరిది ఆగి, వెనక్కి తిరక్కుండా అన్నాడు.

"బావా, బండ మీద పొయ్యడానికి నీళ్ళు తెస్తా. ఎండ మండిపోతోంది."

"తే. నీకూ తెచ్చుకో, తాగు."

అంతే. మేస్త్రికి ఒళ్ళంతా తేలికైంది. గ్యాసును వదిలెయ్ అనేవాడు దాన్ని చల్లబరచడానికి నీళ్ళు తెస్తానంటున్నాడు. ఇంక వాడు ఎక్కడికీ పోడు. చేతి నొప్పి కూడా ఆ క్షణాన తెలియలేదు. గేజీ ముల్లు దిగడం చూస్తూ కూర్చున్నాడు.

బండ టక్కుమంది.

అటు చూస్తే దాని పక్క ఒకటి ఉబ్బి ఉంది. మేస్త్రికి క్షణంలో అంతా అర్థమైంది. మెట్లు దగ్గర్లోనే ఉన్నాయి, ఒక్క దూకు దూకితే సరిపోయేది. కానీ చెయ్యి తన అలవాటు ప్రకారం ముందు వాల్వు మీదికి పోయింది. కట్టుకట్టిన చెయ్యే. విరిగిన ఎముకతోనే తిప్పి మూశాడు.

మెట్ల మధ్యలో ఉన్న బావమరిది చేతిలోంచి బకెట్టు ఎగిరిపోయింది. పైకి వచ్చేసరికి డాబా మీద తెల్లటి పొగ. పిట్టగోడ సగం లేదు. చలిమేస్త్రి నీళ్ళతొట్టికి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. ఇనపముక్క ఒకటి పొట్టలోకి దిగి ఉంది. దాని చుట్టూ చొక్కా మీద మంచు పేరుకుంది.

"మూశానా?"

"మూశావు బావా."

"సామాను సర్దుకున్నావా?"

"లేదు బావా. సర్దుకోను."

మేస్త్రి తల ఊపాడు. మంచు కరిగి ఎర్రబడుతుంటే వాడు రెండు చేతులతో అదిమిపట్టాడు. కాసేపటికి వాడి చేతుల కింద ఊపిరి ఆడటం మానేసింది.

ఆస్పత్రి వరండాలో అక్క ఏడవలేదు. తమ్ముడి చొక్కా రెండు చేతులా పట్టుకుని గోడకేసి కొట్టింది, మళ్ళీ కొట్టింది. వాడు ఆపలేదు.

"నేనూ పట్టానక్కా" అన్నాడు. "ఆ కొట్లాట తరవాత రొట్టెల బట్టీకి పోయి, మొదటిసారి నేనూ గ్యాసు వదలకుండా, కొట్లోంచి తీసుకుపోయిన బావ బండలోకే పట్టాను. బావకి చెబుదామనుకుని నోరు రాలేదు. బండ నిండిందేమో నాకు తెలియలేదు. బావ ఎత్తి చూసుకుంటాడులే అనుకున్నా. ఆ చెయ్యి నేనే విరగ్గొట్టానన్న సంగతి నాకు గుర్తే రాలేదక్కా."

అక్క చేతులు అట్లాగే చొక్కా మీద ఉండిపోయాయి.

డాబా మీద గోదాము మనుషులు ఇనపముక్కలు ఊడ్చి, నెత్తుటి మీద ఇసక చల్లారు. యంత్రానికి బిగించిన గేజీని విప్పడం వాళ్ళకు చేతకాలేదు, దాన్ని అట్లాగే వదిలేశారు. వాల్వు గట్టిగా మూసి ఉంది, లోపల మిగిలిన గ్యాసు లోపలే ఉంది. మర్నాడు పొద్దున ఎండ తగలగానే ఆ గేజీ ముల్లు మెల్లగా పైకి జరగడం మొదలుపెట్టింది.