కుర్మమ్మ పేరు

జీపు వచ్చి పెద్ద దవాఖాన క్యాజువాలిటీ ముందు ఆగింది. ఇద్దరు మనుషులు ఒక ఆడమనిషిని దింపి స్ట్రెచర్ మీద పడేశారు.

"రోడ్డు మీద పడుంటే తెచ్చినం. ఎవరో మాకెరికలే," అన్నాడొకడు. డ్యూటీలో ఉన్న నర్సు లీదియా ఇంకేమైనా అడిగేలోపే జీపు వెళ్లిపోయింది.

రోడ్డు మీద పడ్డ మనిషి కాదామె. చేతులకు సిమెంటు అట్టకట్టి ఉంది. నడుము విరిగింది. ఎత్తు నుంచి పడితే తప్ప అలా విరగదని లీదియాకు తెలుసు.

సాయంత్రం ఒకసారి ఆమె కళ్లు తెరిచింది. లీదియా తడిపిన దూదితో పెదవులు తుడిచి, "మీ పేరేంటమ్మా? ఎక్కడ పనిచేస్తారు?" అని అడిగింది.

"కుర్మమ్మ. మాదాపూర్ల... అద్దాల బిల్డింగు." ఊపిరి కూడదీసుకుంది. "మల్లక్కకు జర చెప్పు."

అదే ఆఖరి మాట. దీపాలు పెట్టే వేళకు ప్రాణం పోయింది.

కానిస్టేబుల్ వచ్చి 'గుర్తు తెలియని స్త్రీ' అని రాసుకున్నాడు.

"ఆమె పేరు చెప్పిందండి. కుర్మమ్మ," అంది లీదియా.

"ఒట్టి పేరుతోని ఏంజెయ్యాలె సిస్టర్? ఎవరన్న వచ్చి అడిగిన్రా? రెండు మూడు దినాలు చూస్తం. ఎవరు రాకపోతే మున్సిపాలిటోళ్లే కాలబెడతరు."

లీదియాది ఏలూరు దగ్గర పల్లె. లింగంపల్లిలో ఒంటి గది కిరాయికి తీసుకుని ఉంటోంది. వార్డులో ఆమె సిస్టర్, ఇంటి ఓనరుకు నర్సమ్మ. ఈ నగరంలో ఆమెను పేరు పెట్టి పిలిచే మనిషి లేడు. ఆరోజు ఇంటికెళ్లి వండుకున్న అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన. ఒక మనిషి తన పేరును లీదియా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. దాన్నెక్కడ అప్పగించాలి?

నగరంలో ఆ వైపుకు కొత్త పేరు పెట్టిన రోజులవి. మాదాపూర్ దారి పొడవునా హోర్డింగుల మీద సైబరాబాద్, సైబరాబాద్. గుట్టలు పేల్చి, రాళ్లు కొట్టి, గంపలు మోసి ఆ పేరును అంతెత్తున నిలబెట్టింది పాలమూరు వలస కూలీలు. వాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ అక్కరలేదు. మేస్త్రీ ఆడవాళ్లందరినీ "ఏయ్ గంపా" అనే పిలిచేవాడు.

మర్నాడు సెలవు పెట్టి లీదియా ఆ గేటు దగ్గరికి వెళ్లింది. కుర్మమ్మ అంటే ఎవరికీ తెలియలేదు.

"గా పేరుగల్లామె లేదమ్మా ఈడ," అందొక కూలీ.

"మల్లక్క ఉందా?"

యాభై దాటిన మనిషి ఇసుక గంప దించి వచ్చింది. "నేనే మల్లమ్మను. కుర్మమ్మ నీకెట్లెరిక? గా మక్తల్ నుంచొచ్చినామె నిన్న ఊరికి పోయిందని కంట్రాక్టరు చెప్పిండు. నాకు చెప్పకుంట ఎట్ల పోయిందా అనుకుంటున్న."

లీదియా జరిగింది చెప్పింది. మల్లమ్మ ఏడవలేదు. ఇసుక కుప్ప మీద కూలబడింది. "నా గుడిసెలనే పండేది. నేనొక్కదాన్నే ఆమెను పేరు పెట్టి పిలుస్తుంటి," అంది.

చుట్టూ కూలీలు మూగడం చూసి కంట్రాక్టర్ రంగనాథ్ వచ్చాడు. లీదియా తాను దవాఖాన నర్సునని చెప్పి కుర్మమ్మ గురించి అడిగింది. "చూడండి సిస్టర్, ఆ పేరు గల మనిషి మా సైట్లో ఎప్పుడూ లేదండీ," అని లీదియాకు మర్యాదగా చెప్పి, కూలీల వైపు తిరిగాడు. "ఏయ్, పనిలోకి నడవండి!"

ఆ సాయంత్రం గుడిసెల మధ్య అందరూ కూర్చున్నారు. కార్మిక సంఘం నర్సింహ లేచాడు. "పేరు కోసం కొట్లాడితే ఏమొస్తది? పడితే ఆపేటట్టు కింద వల లెక్క జాలీ కట్టమందాం, నడుముకు బెల్టులియ్యమందాం."

"అసలు మనిషే లేదంటున్నడు గద!" మల్లమ్మ గొంతు లేచింది. "లేని మనిషికి జాలీ ఎవడు కడతడు? ముందుగాల ఆమె ఉండెనని వాని నోటెంట రావాలె. రేపు నేను పడ్డా ఊరికి పోయిందనే అంటడు."

నర్సింహ తలూపి, "రేపు పని బంద్," అన్నాడు.

పొద్దున్నే గంపలన్నీ బోర్లించి అందరూ దవాఖానకు నడిచారు. నిన్న ఆ పేరే తెలియనివాళ్లు మార్చురీ ముందు నిలబడి ముక్తకంఠంతో అన్నారు: "మా కుర్మమ్మను మాకియ్యండి!" కానిస్టేబుల్ రాసింది కొట్టేసి పేరు రాయక తప్పలేదు.

శవంతో సైటు గేటు ముందు బైఠాయించారు. కంపెనీ బస్సుల్లోని ఉద్యోగులు కిటికీలు తీసి చూశారు. యూనివర్సిటీ విద్యార్థులు వచ్చి ప్రహరీగోడ మీద ఎర్ర రంగుతో ఆమె పేరు రాశారు. లాఠీలు లేచాయి. మల్లమ్మను, నర్సింహను జుట్టు పట్టి వ్యాన్‌లోకి ఎక్కించారు. అయినా ఎవరూ లేవలేదు. చీకటి పడకముందే రంగనాథ్ బయటికొచ్చి, ఆమె తన సైట్లోనే పడి చనిపోయిందని అందరి ముందూ ఒప్పుకున్నాడు. వారం తిరక్కుండా జాలీలు వచ్చాయి.

గోడకు సున్నం వేస్తే మళ్లీ రాశారు. పేపర్లో 'కూర్మమ్మ' అని తప్పుగా పడింది. సభల్లో ఆమెను ఎన్నడూ చూడనివాళ్లు వీరవనిత అన్నారు. మల్లమ్మ బెయిలు మీద వచ్చాక లీదియా గదికి వచ్చింది. గోడకానుకుని కూర్చుంది.

"అందరు కుర్మమ్మ కుర్మమ్మ అంటున్నరు బిడ్డా. ఆమె నవ్వితే ఎట్లుంటదో ఒక్కలకెరికలే. గా గుడిసెల ఒక్కదాన్ని పండలేకపోతున్న."

లీదియా ఆ రాత్రి తన గదిలోనే ఆమెకు చాప పరిచింది. కొన్ని నెలలకు, కూలీలను రెచ్చగొట్టిందని లీదియాను ఆదిలాబాద్‌కు బదిలీ చేశారు.

వెళ్లే రోజున పెట్టె పట్టుకుని లింగంపల్లిలో సిటీ బస్సెక్కింది. సాగనంపడానికి ఎవరూ రాలేదు. కొండాపూర్ దాటాక కండక్టర్ అరిచాడు: "కుర్మమ్మ గేటు! దిగేటోళ్లు జల్ది దిగుండ్రి!"

లీదియా ఉలిక్కిపడింది. "కుర్మమ్మ అంటే ఎవరండీ?"

"ఏమో మేడమ్. అందరు గట్లనే అంటరు."

కిటికీలోంచి చూసింది. రోడ్డుకు అవతల కొత్తగా లేస్తున్న ఇంకో భవనం ముందు కూలీలు గుంపుగా నిలబడి ఉన్నారు. గంపలు బోర్లించి ఉన్నాయి. మల్లమ్మ అక్కడుంది. పోలీసు వ్యాన్ అప్పుడే మలుపు తిరుగుతోంది.

"ఆపండి, దిగాలి!"

"నీ టికెట్ బస్టాండు దాక ఉంది గద మేడమ్!"

లీదియా పెట్టె లాక్కుని దిగింది. గుంపులోకి వెళ్లేసరికి మల్లమ్మ అడుగుతోంది. "పొద్దుగాల పడి సచ్చిపోయినాయన పేరేంది? ఎవరికన్న ఎరికేనా?"

మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనకనుంచి ఒక ముసలాయన నెమ్మదిగా అన్నాడు: "ఆశప్ప."

"గట్టిగ చెప్పు తాతా."

"ఆశప్ప!"

వ్యాన్ తలుపులు తెరుచుకున్నాయి. లీదియా పెట్టె కింద పెట్టి మల్లమ్మ పక్కన నిలబడింది. అందరితోపాటు ఆ పేరే గొంతెత్తి పలికింది.