రాక్షసి చావు

అడుగంటిన పాలగిన్నెను పీచుతో తోముతూ ఆమె చెబుతూంటే, గుమ్మానికి ఆనుకొని భర్త వినడం ఆ ఇంటి రివాజు. సినిమా సంఘానికి ఆయన ఆస్థాన విమర్శకుడు. అయితే థియేటరులో దీపాలు ఆరీ ఆరకముందే నిద్ర ఆయనను ఆవహించేది. గురక ముందు వరుసకు వినబడకుండా మోచేత పొడవడం ఆమె విధి. ఇల్లు చేరాక, అంట్లు తోముతూ కథాసారమంతా అప్పజెప్పడమూ ఆమె విధే. ఆదివారం సభలో ఆ మాటలే ఆయన కంఠాన గంభీరంగా పలికేవి. చప్పట్లు ఆయనకు, టీ కప్పుల పళ్లెం ఆమెకు.

"ముసలి దంపతుల సినిమా బాగుందండీ. కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా ఆవిడ ఉలిక్కిపడుతుంది. ఆ భయం ఎంత పాతదో అక్కడే తెలిసిపోతుంది. కోర్టు సినిమా మాత్రం ఒట్టి ఊకదంపుడు."

"ఊకదంపుడంటే ఏం బాగుంటుంది? వాగాడంబరం అంటాను. మరి ఆ రాక్షసి సినిమా?"

ఆమె చేయి ఆగింది. ఒక పెద్ద ఇంటి నేలమాళిగలో బతికే రాక్షసి తన ఒంటి వేడితో చలికాలమంతా ఇంటిల్లిపాదినీ కాపాడుతుంది. పైనున్నవారు ఆ వెచ్చదనం తమ గోడల గొప్పతనమనుకుంటారు. చూసిన నాటినుండి ఆ సినిమా ఆమెను వదలలేదు. దాని గురించి తన నోటితో తానే నలుగురికీ చెప్పాలన్న కోరిక, పెళ్లయ్యాక మొదటిసారి, ఆమె మనస్సులో మొలకెత్తింది.

"అది సభలో నేను చెప్పనా అండీ? కాస్సేపే."

ఆయన ముందుగదిలోకి కేకేశాడు. "అమ్మా, విన్నావా? నీ కోడలు ఉపన్యాసం ఇస్తుందట!"

"ఇవ్వనీరా," అంది అత్తగారు పడకకుర్చీలోంచి. "ముందు పాలు మాడకుండా కాచడం గురించి ఇమ్మను."

తల్లీకొడుకులు కడుపుబ్బ నవ్వుకున్నారు. నవ్వు సద్దుమణిగాక ఆయన కళ్లు తుడుచుకుంటూ, "సరే గానీ, చివరికి దానికేమవుతుంది?" అన్నాడు.

చివరికి అది ఇంటి యజమానిని ఎముక మిగలకుండా నమిలి మింగి, ఆయన మంచం మీదే హాయిగా పడుకుంటుంది.

"చచ్చిపోతుందండీ," అంది ఆమె గిన్నె బోర్లిస్తూ. "ఇంటివాళ్ల కోసం ప్రాణమిచ్చేస్తుంది. యజమాని వెక్కి వెక్కి ఏడుస్తాడు."

ఆ ఆదివారం సంఘాధ్యక్షుణ్ణి ఎన్నుకునే సభ. ఆ పీఠం తనదేనన్న ధీమాతో ఆయన మైకు అందుకున్నాడు. "మా ఆవిడకి సినిమా అంటే పాప్‌కార్న్. నాకు తపస్సు," అన్నాడు ఎప్పటిలాగే. సభ ఎప్పటిలాగే నవ్వింది. పిదప స్వరం తగ్గించి, "ఆ రాక్షసి ఇంటికోసం ప్రాణమిచ్చిన క్షణాన నా కళ్లు చెమర్చాయి. ఇల్లాలంటే అదీ!" అన్నాడు.

వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"ఏ సినిమా గురించండీ?" అంది ముందు వరుసలోని మందుల షాపు ఆవిడ. "మేం చూసినదాంట్లో అది ఆయన్ని తినేసిందే!"

హాలు గొల్లుమంది. ఆయన ముఖం పాలిపోయింది. పళ్లెంతో నిలుచున్న భార్యవైపు మైకు చాపాడు. "ఏమోయ్, సినిమా చూసేటప్పుడు పక్కనే ఉన్నావుగా! వచ్చి చెప్పు."

ఏళ్ల తరబడి ఆయన గొంతుకు అరువిచ్చిన మాటలన్నీ ఆమె నాలుకపై నిలిచాయి. ఆయనకు ఒంట్లో బాగాలేదని ఒక్క అబద్ధమాడితే ఆయన పరువు దక్కుతుంది. ఆపై తనివితీరా మాట్లాడవచ్చు. ఆమె పళ్లెం దించి మైకు అందుకుంది.

"నాకేం తెలుసండీ? నేను పాప్‌కార్న్ తింటూ కూర్చున్నాను."

మైకు తిరిగిచ్చి వరుసగా టీ అందిస్తూ, చివరి కప్పు ఆయనకే తెచ్చింది.

"ఇంటికి పద, చెబుతా," అన్నాడాయన పళ్ల బిగువున.

"పదండి," అంది ఆమె. "నాకూ ఆకలిగానే ఉంది."